వర్లీ, గోండు బొమ్మల్ని మన డిజైన్‌లోకి తెచ్చుకునే ముందు ఏం చేయాలి

నెల్లూరులోనో ఒంగోల్లోనో డీటీపీ నేర్చుకుని, పెళ్లి కార్డులూ బర్త్‌డే ఫ్లెక్సీలూ దాటి ఇంకాస్త మంచి పని చేద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఈ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. ఈమధ్య కొత్తగా తెరిచే హోటలైనా, బొటిక్ అయినా, స్కూలు కాంపౌండు గోడైనా వర్లీ బొమ్మ, అంటే త్రికోణాలతో మనుషుల్ని గీసే మహారాష్ట్ర ఆదివాసీల బొమ్మ, లేకుండా ఉండటం లేదు. అవి ఎవరివని అడిగితే "ట్రైబల్ డిజైన్ అన్నా, గూగుల్లో దొరికింది" అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, అందుకే ముందు నేను చేసిన తప్పు చెప్పి, తర్వాత పని సంగతికి వస్తాను.

కొన్నేళ్ల కిందట నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక హోటల్‌కి లోపలి గోడల డిజైన్ చేశాను. నెట్‌లో ఒక వర్లీ వెక్టర్ ఫైలు కొన్నాను, డబ్బు పెట్టి కొన్నాం కదా ఇంక ఏమైనా చేసుకోవచ్చని ధీమా. అందులో నుంచి చుట్టూ అంచులున్న ఒక చతురస్రం, దాని మధ్యలో ఒక ఆకారం ఉన్న బొమ్మను తీసి, ఆరడుగులకి పెంచి, చేతులు కడుక్కునే చోట వాష్ బేసిన్ల పైన పెట్టాను. చూడ్డానికి బ్రహ్మాండంగా కుదిరింది. రెండు నెలల తర్వాత ఓనరు ఫోన్ చేసి, బ్యాంకులో పనిచేసే ఒకాయన ఆ బొమ్మ పెట్టింది ఎవరని అడుగుతున్నాడు, ఒకసారి వచ్చి మాట్లాడమన్నాడు. వెళ్లాను. ఆయనది మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు, బదిలీ మీద మన ఊరొచ్చాడు. కోపం లేదు, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అది లగ్న చౌక్ అట. వర్లీల ఇళ్లలో పెళ్లికి ముందు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో ముత్తయిదువలు వేస్తారు, మధ్యలో ఉన్నది పాలఘట దేవత, అది వెయ్యకుండా పెళ్లి జరగదు. "మీ పెళ్లిళ్లలో ఇలాంటిది ఏమీ ఉండదా?" అని అడిగాడు. నాకు అరివేణి కుండలు గుర్తొచ్చాయి. మేళంతో తెచ్చిన ఆ కుండల్ని మా అమ్మ ఒట్టి నేల మీద ఒక్క నిమిషం కూడా పెట్టనిచ్చేది కాదు. వాటిని ఎవరో తీసుకెళ్లి, బాగున్నాయి కదా అని, ఎంగిలి చేతులు కడుక్కునే చోట పెడితే మాకెలా ఉంటుంది? ఆ రాత్రే పనివాళ్లని పిలిపించి నా ఖర్చుతో ఆ బొమ్మ తీయించేశాను.

ఇక పని. అన్నింటికన్నా ముందు చేయాల్సింది చూడటం. ఫోన్లో రోజుకి రెండొందల బొమ్మలు తోసుకుంటూ పోతే కంటికి ఏమీ అంటదు. వారానికి ఒక్క ఆర్టిస్టుని పెట్టుకోండి. ఆయనదో ఆవిడదో ఒక్క బొమ్మను ఏ3 సైజులో ప్రింట్ తీసి మానిటర్ పక్కన అతికించండి, వారమంతా అక్కడే ఉండనివ్వండి. మొదటి రోజు మొత్తం బొమ్మ చూడండి, రెండో రోజు అంచులు, మూడో రోజు ఖాళీ ఎక్కడ వదిలారో, తర్వాత ఒక అంగుళం ముక్క మాత్రమే చూడండి.

గోండు బొమ్మతో మొదలుపెట్టమంటాను. మధ్యప్రదేశ్‌లో దిండోరీ జిల్లా పాటన్‌గఢ్ అనే ఊరి కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం 1982లో తెరిచారు, దానికోసం ఊళ్లు తిరుగుతున్న చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఇతను వేసిన గోడ బొమ్మలు చూసి భోపాల్ తీసుకొచ్చింది. మట్టిగోడ మీద వేసేవాడి చేతికి కాగితం, ఇంకు, పోస్టర్ రంగులు దొరికాయి, అక్కడి నుంచి ఒక కొత్త పద్ధతే పుట్టింది, దాన్ని ఇప్పటికీ జన్‌గఢ్ కలం అంటారు. 1989లో ప్యారిస్‌లో పెద్ద ప్రదర్శన దాకా వెళ్లాడు, 2001లో జపాన్‌లో చనిపోయాడు. ఇదంతా పక్కనపెట్టి అతని బొమ్మల్లో ఒక జింక ఒంటి మీదకు రండి. దూరం నుంచి అది ఒక రంగు. దగ్గరికొస్తే దువ్వెన పళ్లలా సన్నటి గీతలు, వాటి పక్కన చుక్కల వరసలు, ఒక వరస మెడ దగ్గర వంగి భుజం దాకా పారుతుంది, కడుపు దగ్గర ఇంకో వరస దానికి ఎదురొస్తుంది. ఆ గీతలు పారే దిక్కును బట్టే జింక పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఇలా లోపల నింపే తీరు గోండు ఆర్టిస్టుల్లో ఒక్కొక్కరికి ఒక్కోటి, మన సంతకం లాంటిది. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాల నింపుళ్లు కూడా వేరుగా ఉంటాయి. అందుకే "గోండు స్టైల్" అని మనం కాపీ కొట్టేది నిజానికి ఎవరో ఒక మనిషి సంతకం అయ్యుంటుంది.

తర్వాతి వారాలకి గోండుల్లో భజ్జూ శ్యామ్, దుర్గాబాయి వ్యామ్, భిల్లు తెగ చిత్రకారిణి భూరీబాయి, వర్లీలో జీవ్యా సోమా మాషే. వీళ్లందరికీ పద్మశ్రీ వచ్చింది. భూరీబాయి భారత్ భవన్ కట్టేటప్పుడు అక్కడ కూలిపని చేసింది, మీ ఇంటి గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీద వేసి చూపించమని స్వామినాథన్ అడిగితే మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో తోలుబొమ్మల దళవాయి చలపతిరావు గారిని చూడండి, నిమ్మలకుంట ఆయనది, 2020లో పద్మశ్రీ. బయటి దేశాల్లో ఆర్చీ మూర్ పని తప్పకుండా చూడండి. ఆస్ట్రేలియా ఆదివాసీ మూలాలున్న ఈయన 2024లో ఇటలీలో జరిగిన వెనిస్ బియనాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో నల్లటి గోడల మీద తెల్ల సుద్దముక్కతో తన వంశవృక్షం చేత్తో రాసుకుంటూ పోయాడు, అరవై అయిదు వేల ఏళ్ల వెనక్కి. ఆ ఏడాది దేశాల పెవిలియన్లకి ఇచ్చే పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్, దానికే వచ్చింది. ఒక్క చుక్క లేదు, ఒక్క కంగారూ లేదు. ఆదివాసీ ఆర్ట్ అంటే పాతది, మట్టి రంగుల్లో ఉండేది అని మన బుర్రలో ఒక డబ్బా ఉంటుంది, ఆ పని చూస్తే అది పగిలిపోతుంది.

కుదిరితే ఒకసారి భోపాల్ వెళ్లి రండి. జీటీ ఎక్స్‌ప్రెస్ నెల్లూరులోనూ ఒంగోల్లోనూ ఆగుతుంది, ఎక్కితే మరునాటికి అక్కడుంటారు. భారత్ భవన్, ట్రైబల్ మ్యూజియం, మానవ్ సంగ్రహాలయ మూడూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. స్క్రీన్ మీద కనపడని చుక్కలు అక్కడ కనపడతాయి.

రెండో పని డిజైన్ స్టైళ్లు చేత్తో నేర్చుకోవడం. దీని మీద వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఒకే మేటరు తీసుకోండి, రొట్టెల పండగ సమాచారం అనుకుందాం: తేదీలు, స్వర్ణాల చెరువు, బస్సులు ఎక్కడ ఆగుతాయి, పార్కింగ్. దాన్ని మూడు రకాలుగా చేయండి. మొదటిది స్విస్ పద్ధతి, అంటే యోసెఫ్ ముల్లర్-బ్రోక్‌మాన్ లాంటివాళ్లు 1950ల్లో స్థిరపరిచిన గ్రిడ్: పేజీని నిలువు పట్టీలుగా కోసుకుని, రెండే సైజుల అక్షరాలు వాడి, మిగతాదంతా ఖాళీ వదలండి. రెండోది ఆర్ట్ డెకో, అంటే 1920, 30ల్లో నడిచిన, పదునైన జ్యామితి ఆకారాల అలంకరణ. మూడోది బొమ్మే లేకుండా అక్షరం ఒక్కదానితో. అను ఫాంట్స్‌లో అలవాటైన చేతులకి ఈ మూడోది కష్టంగా ఉంటుంది, అయినా చేయండి. రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక జాగ్రత్త, స్విస్ పుస్తకాల్లో చెప్పే లైన్ గ్యాప్ మనకి చాలదు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది, పై లైన్ వత్తు కింది లైన్ గుడిలో దిగబడితే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. పన్నెండు పాయింట్ల అక్షరానికి పద్దెనిమిది దాకా ఇచ్చి చూడండి. బాపు గారి చేతిరాత తీసి పక్కన పెట్టుకుంటే అక్షరాల మధ్య గాలి ఎంత ఉండాలో కంటికే తెలుస్తుంది.

గ్రిడ్ వచ్చేశాక, అది ఒక్కటే దారి కాదని కూడా తెలియాలి. దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యామ్ అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల పుస్తకంగా వేసినప్పుడు, కామిక్ పుస్తకాల్లాగా పేజీని డబ్బాలుగా కొయ్యడానికి ఒప్పుకోలేదు. డబ్బాల్లో పెడితే మనుషులకి ఊపిరాడదు, మా బొమ్మకి జాగా కావాలి అన్నారు. వాళ్ల ఇళ్ల నేల మీదా గోడల మీదా వేసే డిగ్నా గీతల్ని పేజీ మధ్యలో పారించి, కథని వాటి చుట్టూ నడిపించారు. నాకు తెలిసి లేఅవుట్ గురించి ఇంతకన్నా మంచి పాఠం లేదు. నేర్చుకోవాల్సింది వాళ్ల డిగ్నాని ఎత్తుకొచ్చి మన మెనూ కార్డు మీద వెయ్యడం కాదు. పేజీని కొయ్యకుండా కథ చెప్పొచ్చన్న ఆలోచన తెచ్చుకోండి, గీత మాత్రం మీది గీసుకోండి.

ఇక్కడే మూడో పని మొదలవుతుంది: స్టైల్ ఏది, ఒకరి గుర్తు ఏది, విడదీసి చూడటం. జర్మనీలో బౌహాస్ అనే డిజైన్ బడి 1919 నుంచి 1933 దాకా నడిచింది, వాళ్లు నేర్పింది నేర్చుకుని వాడుకోమనే నేర్పారు. లగ్న చౌక్ అలాంటిది కాదు. 1966లో ఆస్ట్రేలియా కొత్త డాలరు నోటు అచ్చువేసినప్పుడు వెనకవైపు ఒక చెట్టుబెరడు మీది బొమ్మ వాడారు. అది ఎవరో పేరు తెలియని పాతకాలం ఆదివాసీ వేసి ఉంటాడులే అనుకున్నారు. వేసినాయన పేరు డేవిడ్ మలాంగి, అప్పటికి నలభై కూడా దాటలేదు, ఆయన ఊళ్లో ఆయన బతికే ఉన్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆ బొమ్మలో ఉన్నది వాళ్ల మూలపురుషుడు, గుర్మిరింగు అనే వేటగాడి అంత్యక్రియలు. గొడవ బయటపడ్డాక రిజర్వ్ బ్యాంకు వాళ్లు వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చారు. ఒక దేశం తన డబ్బు మీద వేసుకున్న బొమ్మకి కూడా, వేసిన మనిషి ఉంటాడేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. మనం ఫైలు డౌన్‌లోడ్ చేసేటప్పుడు చేసేది కూడా అచ్చంగా అదే.

కాబట్టి ఏ బొమ్మ నచ్చినా, ఫైలు తెరిచే ముందు మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇది ఎవరిది, ఏ ఊరు, ఏ జనం. దీన్ని వాళ్లు ఎప్పుడు, దేనికి వేస్తారు, పెళ్లికా, చావుకా, పంటకా, ఊరికే అందానికా. ఇప్పుడు దీన్ని వేసి బతుకుతున్నవాళ్లు ఎవరు. మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా ఆ బొమ్మ వాడకండి. నేను ఇప్పుడు వాడను. శ్రీకాకుళం, మన్యం వైపు సవరల గోడ బొమ్మలు కూడా అందం కోసం వేసినవి కావు, దేవతలకీ పెద్దలకీ సంబంధించినవి, వాటి విషయంలో ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

చట్టం ఏమంటుందని చాలామంది అడుగుతారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆర్టిస్టు బతికున్నంత కాలం, చనిపోయాక మరో 60 ఏళ్లు ఆ బొమ్మ మీద హక్కు ఉంటుంది. జీవ్యా సోమా మాషే 2018లో పోయారు, అంటే ఆయన బొమ్మల మీద హక్కు 2078 దాకా ఉన్నట్టే. బొమ్మ అమ్మేసినా సరే, వేసింది తనేనని చెప్పుకునే హక్కు ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది. వర్లీకి, గోండుకి, శ్రీకాళహస్తి కలంకారీకి, మన తోలుబొమ్మలకి, వెంకటగిరి చీరలకి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదన్న భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది, వేరేవాళ్లు చేసి ఆ పేరుతో అమ్మకూడదు. కానీ త్రికోణాలతో మనుషుల్ని గీయడాన్ని ఏ చట్టమూ ఆపదు. చట్టం ఆపలేదు కదా అని నేను చౌక్ తీసుకెళ్లి వాష్ బేసిన్ల పైన పెట్టాను.

నాలుగో పని అందరూ దాటేసేది: మనిషిని వెతికి ఫోన్ చేయడం. అంత కష్టమేం కాదు. జీఐ రిజిస్ట్రీలో ఏ సంఘం పేరు మీద ట్యాగ్ ఉందో ఉంటుంది. ఆదివాసీల సరుకు అమ్మే కేంద్ర సంస్థ ట్రైఫెడ్, మన రాష్ట్ర హస్తకళల లేపాక్షి షోరూంలలో అడగొచ్చు, చాలామంది ఆర్టిస్టులు ఇన్‌స్టాలోనే ఉన్నారు. ఫోన్లో మొదటి మాటే డబ్బు గురించి చెప్పండి: "నెల్లూరు నుంచి ఫలానా డిజైనర్ని, ఫలానా హోటల్ గోడకి మీ బొమ్మ కావాలి, బడ్జెట్ ఇంత ఉంది, మీ రేటు చెప్పండి." మీ పేరు అందరికీ తెలుస్తుంది కదా, మంచి పబ్లిసిటీ కదా అనే మాట నోట్లోంచి రానివ్వకండి, మన క్లయింట్లు ఆ మాట మనతో అంటే మనకెంత మండుతుందో తెలిసిందే. సగం అడ్వాన్స్ పంపండి. ఒక పేజీ కాగితం రాసుకోండి, హిందీలో అయితే ఇద్దరికీ అర్థమయ్యేలా: బొమ్మ ఎక్కడ వాడతాం, ఎంత సైజు, ఎన్నేళ్లు, బ్రాంచి పెడితే మళ్లీ డబ్బు ఇవ్వాలా, రంగులు మార్చొచ్చా, ముక్కలు కోయొచ్చా. ఈ చివరి రెండూ తప్పకుండా అడగండి, ఎందుకంటే డిజైనర్ల చెయ్యి ఊరుకోదు. పేరు ఎలా రాయాలో కూడా వాళ్లనే అడగండి, తెగ పేరు వెయ్యాలా, ఊరి పేరు వెయ్యాలా అనేది వాళ్లిష్టం.

ఏఐకి "భజ్జూ శ్యామ్ స్టైల్‌లో ఏనుగు" అని రాసి బొమ్మ తీయడం గురించి అడుగుతున్నారు. నేను వద్దంటాను. బతికున్న మనిషి చేతి సంతకాన్ని ఆయనకి రూపాయి వెళ్లకుండా తీసుకోవడమే అది. పైగా ఆ నింపుడు గీతల్ని దగ్గరగా చూడండి, ఎటు పారాలో తెలియక మధ్యలో తెగిపోయి ఉంటాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం, ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి నెల్లూరులో, నల్లమల వైపు ఊళ్లలో ఫ్లెక్సీలు కడతారు. మన దగ్గర ఉన్నది యానాదులు, అటు కొండల్లో చెంచులు. ఫ్లెక్సీ మీద ఉండేది మాత్రం మహారాష్ట్ర వర్లీ బొమ్మలు, ఒక్కోసారి అమెరికా రెడ్ ఇండియన్ల ఈకల కిరీటం. స్కూలు వార్షికోత్సవాల్లో ఆకుల గౌన్లు కట్టి, మొహాలకి మసి పూసి "ఆదివాసీ డ్యాన్స్" వేయిస్తారు, అదే క్లాసులో యానాది పిల్ల కూర్చుని చూస్తూ ఉంటుంది. ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. అలాంటి పోస్టర్ మీ దగ్గరికి వస్తే, ఆ జనం ఉన్న కాలనీకి ఒక పూట వెళ్లండి. యానాదులు వెదురుతో అల్లే చేపల బుట్ట ఉంది, చెంచులు కొండ తేనె తీయడానికి వాడే తాళ్లున్నాయి, విల్లంబులున్నాయి. ఏది వెయ్యాలో, ఏది వద్దో వాళ్లని అడిగి, ఫొటో తీసే ముందు ఒప్పుకున్నాకే తీసి, అచ్చుకి ఇచ్చే ముందు ప్రూఫ్ తీసుకెళ్లి చూపించండి. నేను ఒకసారి ఇలా చూపిస్తే ఒక పెద్దాయన బుట్ట తలకిందులుగా పెట్టానని చెప్పి తిప్పించాడు. ఆఫీసులో కూర్చుని ఉంటే అలాగే అచ్చయిపోయేది.

ఉదయగిరి కూడా వెళ్లి రండి, నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి కొయ్య చెంచాలకీ గరిటెలకీ కూడా జీఐ ఉంది. నేను కొన్న గరిటె ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది: పిడి చివర జల్లెడలా తొలిచిన నగిషీ, ఒక్క కన్నం ఇంకో కన్నంలా ఉండదు, అయినా వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోదు. లోగోల్లో ప్రతి కర్వూ కంప్యూటర్‌తో సమానం చేసే అలవాటు నాకు దీన్ని చూశాకే తగ్గింది. అది నేర్చుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆ నగిషీనే స్కాన్ చేసి స్వీట్ బాక్సు మీద వెయ్యాలంటే మాత్రం చేసిన ఆవిడ దగ్గరికి వెళ్లాలి, డబ్బు ఇవ్వాలి.

క్లయింట్ ఒప్పుకోడు అంటారు. నిజమే, అందరూ ఒప్పుకోరు. రేపు ఓపెనింగ్, ఇప్పుడు భోపాల్ ఫోన్లేంది అంటారు. అప్పుడు ఆదివాసీ బొమ్మే వద్దని చెప్పి అక్షరాలతోనో, మీరు గీసిన పెన్నా ఒడ్డు బొమ్మతోనో పని ముగించండి. టైం ఉన్నవాడికి మాత్రం ఖర్చు విడివిడిగా రాసి చూపించండి, ఆర్టిస్టు ఫీజు ఒక లైను, మీ ఫీజు ఇంకో లైను. మీ ఫీజులో కలిపేస్తే బేరం ఆడి మొదట కోసేది ఆర్టిస్టు డబ్బే.

వాష్ బేసిన్ల పైన నుంచి నేను చౌక్ తీయించేసిన ఆ హోటల్ ఓనరే రెండో బ్రాంచి పెట్టినప్పుడు మళ్లీ నన్నే పిలిచాడు. ఈసారి భోపాల్‌లో ఒక గోండు చిత్రకారుడితో మాట్లాడాం. ఏం వెయ్యాలని ఆయన అడిగితే నెమలి, జింక అని ఏదో చెప్పాను. "మీ ఊరి నీళ్లలో ఏ చేప ఉంటుంది?" అన్నాడాయన. బొమ్మిడాయి ఫొటో వాట్సాప్‌లో పంపాను. ఎప్పుడూ చూడని చేప, పాములా పొడుగ్గా ఉంది, దీని ఒంటి మీద మచ్చలు ఎలా ఉంటాయని మూడుసార్లు ఫోన్ చేశాడు, చేపల మార్కెట్‌కి వెళ్లి దగ్గరి నుంచి ఇంకో రెండు ఫొటోలు తీసి పంపాను. కాన్వాసు వచ్చిన రోజు హోటల్ వంటమనిషి బయటికొచ్చి చూసి, ఇది బొమ్మిడాయే కదబ్బా అన్నాడు. ఒళ్లంతా ఆయన చుక్కలు, ఆయన గీతలు. కింద ఆయన పేరు, ఊరి పేరు తెలుగులో, హిందీలో రాసి పెట్టాం, హోటల్ ఫోన్ నంబరు ఎంత సైజులో ఉందో అంత సైజులో. ఆ డిజైన్ ఫోల్డర్‌లో నా ఫైళ్లతో పాటు ఆయన సంతకం పెట్టిన కాగితం స్కాన్, డబ్బు పంపిన రసీదు కూడా ఉన్నాయి, మీరూ అలాగే ఒకే చోట దాచుకోండి, మూడో బ్రాంచి పెట్టినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.